ఖాళీ పెట్టెలో పదిహేడు డిగ్రీలు

తడిపిన మల్లుగుడ్డ వేడిగాలికి ఆరుతున్నప్పుడు సన్నగా ఒక వాసన వస్తుంది. నిన్న మధ్యాహ్నం కాకినాడలో, అమ్మ మజ్జిగ కుండకు చుట్టిన గుడ్డ దగ్గర ఆ వాసన తగిలి, చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. "ఏరా, పులిసిందా?" అంది అమ్మ. పులవలేదు. నేను ఒక్క క్షణం సౌదీలో, జుబైల్‌లోని మా బడి డాబా మీద, నర్సయ్య సార్ పక్కన ఉన్నాను, అంతే. ఆయన మీకెవరికీ తెలియదు. ఆయన గురించి ఇంతవరకు ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి, వచ్చినట్టు నేనే రాస్తున్నాను.

సార్ జగిత్యాల దగ్గర పల్లెటూరి మనిషి. మా ఇండియన్ స్కూల్ మగపిల్లల విభాగంలో భూగోళం చెప్పేవారు. తొమ్మిదో తరగతికి వచ్చాక ప్రతివాడూ ఏదో ఒక క్లబ్‌లో చేరి తీరాలి. రోబోటిక్స్ క్లబ్ నిండిపోయింది, క్విజ్ వాళ్ళు నన్ను వద్దన్నారు, మిగిలింది సార్ నడిపే వాతావరణ క్లబ్. దాని ఆస్తి అంతా కలిపి డాబా మీద ఒక తెల్ల చెక్కపెట్టె. గాలి ఆడేలా రెక్కల తలుపులున్న ఆ పెట్టెను, ఫ్యాక్టరీల్లో షట్‌డౌన్ మరమ్మతుల పనికి వచ్చిన తమ ఊరి కార్పెంటర్ చేత చేయించారు. లోపల రెండు థర్మామీటర్లు. ఒకదాని కొనకు మల్లుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ చివర నీళ్ళసీసాలో మునిగేలా పెట్టేవారు. గాలిలో తేమ ఎంతుందో అది చెబుతుంది. పొద్దున్నే అసెంబ్లీకి ముందు ఆ రెండు అంకెలూ చూసి రిజిస్టర్‌లో రాయడమే క్లబ్ పని. ఇంతోటి దానికి క్లబ్ ఎందుకని మొదట్లో నవ్వుకున్నాను.

మా అమలాపురం చెవులకు ఆయన మాటా నవ్వు తెప్పించేది. మొదటి రోజు నేను పెట్టెలోకి ముఖం పెట్టి చూస్తుంటే భుజం మీద చెయ్యి వేశారు. "ఊపిరి ఆపి జూడు బేటా. నీ ఊపిరి తాకిందంటే అది నీ వేడి జెప్తది, గాలి వేడి జెప్పది." అప్పటి నుంచి ఊపిరి బిగబట్టే చూశాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పని మీద నాకు ఎంత మమకారం పెరిగిందంటే, పదకొండులోకి వచ్చాక పొద్దుటి అంకెలు నేనే చూస్తానని పట్టుబట్టి తీసుకున్నాను.

అందులో నా స్వార్థమూ ఉంది. మా బడిలో ఆనర్ సొసైటీ అని ఒకటి ఉండేది. పదకొండో తరగతిలో పదిమందినే తీసుకునేవారు. మార్కులు ఉంటే చాలదు, ఏడాదంతా ఒక్క బడిరోజు కూడా తప్పకుండా క్లబ్ పని చేశాడని ఆ క్లబ్ సార్ సంతకం పెట్టాలి. మార్చిలో సభ పెట్టి, నీలం రిబ్బను బ్యాడ్జీ గుచ్చి, పేరు పలకమీద రాసేవారు. ఆ పలక మెట్ల దగ్గర, బడికి వచ్చిన ప్రతివాడికీ కనిపించేచోట ఉండేది.

ఆ ఏడాదే బయటి దేశాల కుటుంబాల మీద సౌదీ సర్కారు లెవీ వచ్చింది. పిల్లలకింత, భార్యకింత అని కడితేనే వాళ్ళ ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, నిలుస్తుంది. క్లాసులో వారానికో బెంచీ ఖాళీ అయ్యేది. సార్ కూడా భార్యనూ కూతురినీ ఊరికి పంపేసి, నలుగురితో కలిసి ఒక గదిలో ఉండసాగారు. ఇంటర్వెల్‌లో డాబా మీద నిలబడి కూతురికి ఫోన్ చేసేవారు. ఏం మాట్లాడాలో తోచేది కాదేమో, "ఆడ ఎండ ఎంతున్నది బిడ్డా? ఫోన్ల జూసి చెప్పకు, వాకిట్లకు పోయి జూడు" అనేవారు. ఆ పిల్ల వాకిట్లోకి వెళ్ళి వచ్చేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉండేవారు. నేను సీసాలో నీళ్ళు పోసే వంకతో అక్కడే తచ్చాడేవాణ్ణి.

తర్వాత మా వంతు. సౌదీ వాళ్ళకు సరిపడా ఉద్యోగాలు ఇవ్వని కంపెనీలకు నితాఖాత్ అనే చట్టం కింద ఎరుపు రంగు వేసేవారు. "కంపెనీ ఎర్రలో పడిందిరా. ఇఖామా ఇంక అవ్వదు. పరీక్షలైపోగానే ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారంట" అన్నాడు నాన్న, అన్నం కలుపుతూ. నాకు ఏడుపు రాలేదు గానీ ఒక పంతం వచ్చింది. పోతే పోతాం, నా పేరు ఆ పలకమీద పెట్టి పోతాను అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆ ఎగ్జిట్ కాగితాల కోసం నాన్న నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. బడికి వచ్చేసరికి రెండో పీరియడ్ దాటింది. రిజిస్టర్ తెరిస్తే ఆ రోజు గడి బోసిగా ఉంది. ముందురోజు పదిహేడు ఉంది కదా, ఈరోజూ అంతే ఉంటుందిలే అనుకుని పదిహేడు, పన్నెండు అని దర్జాగా రాసేశాను. నాకు తెలియనిదల్లా, దుమ్ముగాలి వస్తుందని ముందురోజు సాయంత్రమే సార్ థర్మామీటర్లు రెండూ తీసి, పొద్దున నేను వచ్చి అడిగితే ఇద్దామని ల్యాబ్ బీరువాలో పెట్టారని. ఖాళీ పెట్టెలో నేను పదిహేడు డిగ్రీలు చూశానన్నమాట.

సార్ ఎవరి ముందూ అడగలేదు. బడి వదిలాక డాబా మీదికి పిలిచి, ఖాళీ పెట్టె తలుపు తీసి చూపించి, రిజిస్టర్, పెన్నూ నా చేతికిచ్చారు.

"ఒక్కరోజే కదండీ సార్. నాన్నతో ఎగ్జిట్ పనికి వెళ్ళానండి" అన్నాను.

"నీ తిప్పలు నాకెరికే బేటా. గని గా పొద్దుగాల ఎంతుండెనో నీకెరికనా?"

"తెలియదండి."

"మరి గదే రాయి."

అంకెలు కొట్టేసి, పక్కన 'చూడలేదు' అని రాశాను. అది రాస్తే బ్యాడ్జీ లేదని ఆయనకూ తెలుసు. కొట్టేసిన చోట తన సంతకం కూడా పెట్టి, రిజిస్టర్ మూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రం ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దొంగ అంకె రాసిందీ నేనే, అలిగిందీ నేనే.

మార్చిలో సభ జరిగింది. వేదిక మీద టీచర్లకు కుర్చీలు వేశారు. సార్ కుర్చీ ఖాళీగా ఉంది. ఎక్కడున్నారా అని చూస్తే, వెనక వరసలో నా పక్కకు వచ్చి కూర్చున్నారు. పదిమంది పేర్లూ పిలిచేదాకా ఒక్కొక్కడికీ నాతోపాటు చప్పట్లు కొట్టారు. నా అలక అక్కడితో పోయింది.

టీసీ తీసుకున్న రోజు చివరిసారి డాబా ఎక్కాను. సార్ కొత్త గుడ్డ చుడుతున్నారు. క్లబ్‌లో అప్పటికి ముగ్గురే మిగిలారు. తల ఎత్తకుండానే, "మల్ల ఈడికి వస్తవా బేటా?" అన్నారు. ఆయన అలాంటి ప్రశ్న వేయడం నేనెన్నడూ వినలేదు. వెళ్ళేవాళ్ళంతా వస్తామనే చెప్పి వెళ్ళేవారు. 'వస్తానండి' అని నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"తెలియదండి సార్."

"గంతే గదా. ఎరిక లేంది ఎట్ల జెప్తవ్" అన్నారు. పెట్టె తలుపు వేసి గడియ పెట్టారు. అది పడలేదు. తీసి మళ్ళీ పెట్టారు.

ఇప్పుడు నేను తాగునీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. చూడని అంకె రాయను. దానివల్ల పైవాళ్ళతో చీవాట్లు తిన్నాను, ఒక ఉద్యోగమూ పోయింది, ఏమీ బాధ లేదు. మరుసటి ఏడాది సార్ కూడా ఎగ్జిట్ మీద వెళ్ళిపోయారని విన్నాను. నా దగ్గరున్న ఆయన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. జగిత్యాల దగ్గర ఆయనది ఏ పల్లెటూరో నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన నేర్పింది తప్పని ఒక్కనాడూ అనుకోలేదు గానీ, ఆ రోజు డాబా మీద మాత్రం 'వస్తాను సార్' అని అబద్ధం చెప్పి రావలసింది.