చక్రం కింద రాయి

1998లో నన్ను బెంగళూరు పీణ్యలోని ఒక బ్రేకుల ఫ్యాక్టరీలో ట్రయల్స్ విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేశారు. మొదటి పని, కొండదారుల్లో తిరిగే జీపుకు వెనక డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు బిగించి, అవి పనికొస్తాయని సంతకం పెట్టడం. డ్రమ్ములోకి బురదనీళ్లు చేరితే బ్రేకు జారుతుంది. డిస్కు బయటికే ఉంటుంది కాబట్టి తొందరగా ఆరిపోతుంది. కాఫీ తోటల వాళ్లకు కావలసింది అదే.

జీపు నడిపేది మునియప్ప. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఏటవాలులో ఎక్కడ ఆపినా సీటు కింద నుంచి ఒక నల్లరాయి తీసి వెనక చక్రానికి అడ్డం పెట్టేవాడు. డ్రమ్ములను నమ్మని పాత డ్రైవర్ల అలవాటది. హ్యాండ్‌బ్రేకు ఉంది కదా అని నేను నవ్వితే, "ఉండాదిలేమ్మా. దాని పని అది చేస్తాది, రాయి పని రాయి చేస్తాది" అనేవాడు.

మూడు వారాలు తిప్పాం. కొండ దిగాక గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు ఒక్కదాని మీదే బండిని ఏటవాలులో నిలబెట్టాలని నిబంధన. రోజూ 'నిలిచింది' అని రాసి సంతకం పెట్టాను.

ఆఖర్న నంది కొండ దారిలో కొనేవాళ్లకు ప్రదర్శన. బండి తళతళలాడాలని మా మేనేజరు ముందురోజే లోపలంతా కడిగించి, ఆ రాయిని పారేయించారు. మునియప్ప కొండ దిగి, చివరి ఏటవాలులో బండి ఆపి, నిబంధన ప్రకారం గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు. మేం పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాం. పావుగంట అయిందో లేదో జీపు దానంతటదే కదిలి, కిందికి దొర్లి పిట్టగోడను గుద్దింది. దారిలో నిలబడ్డ ఒక తోట యజమాని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

డ్రైవరు సరిగ్గా లాగలేదని రిపోర్టు ఇవ్వమన్నారు మేనేజరు. ఇస్తే మునియప్ప ఉద్యోగం పోతుంది. అతను నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"గట్టిగానే లాగినానమ్మా. క్లిక్కులు నా చెవులారా ఇన్నాను. బండి నిలిచే ఉండె, ఆమీట కదిలె."

'ఆమీట', అంటే తర్వాత. నిలిచిన బండి తర్వాత ఎందుకు కదులుతుంది? ఆ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు బ్రేకులు బాగా వేడెక్కేదాకా తిప్పించి, ఫ్యాక్టరీ ర్యాంపు మీద, కింద ఇసుక బస్తాలు పేర్చి, జీపును నిలబెట్టించాను. హ్యాండ్‌బ్రేకు నేనే లాగాను. ఏ రాయీ పెట్టనివ్వలేదు. చక్రానికి సుద్దగీత గీసి, గడియారం పట్టుకుని కూర్చున్నాను. పదకొండో నిమిషంలో గీత కదిలింది. నిజం చెప్పొద్దూ, చప్పట్లు కొట్టేశాను. కొట్టిన వెంటనే సిగ్గేసింది.

వేడికి డిస్కు కాస్త ఉబ్బుతుంది. అప్పుడు దాని మీద హ్యాండ్‌బ్రేకు బిగించిన పట్టు, డిస్కు చల్లారి సన్నబడగానే వదులవుతుంది. డ్రమ్మయితే చల్లారేకొద్దీ ముడుచుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మూడు వారాలూ వేడి బండిని నిలబెట్టింది నా డిస్కులు కావు, మునియప్ప రాయి. అది చక్రం కింద ఉండగానే, కళ్లారా చూస్తూ, నేను సంతకాలు పెట్టాను.

రిపోర్టులో అదే రాశాను. మునియప్ప మీద చర్య ఆగింది. నా ప్రమోషన్ రెండేళ్లు ఆగింది. బాధ పడలేదని అనను, చాలా పడ్డాను.

చివరికి డిస్కు నడిమధ్య, ఒక్క హ్యాండ్‌బ్రేకు కోసం, చిన్న డ్రమ్ము అమర్చాం. మునియప్ప వంగి చూసి ఒకటే నవ్వు. "తరిమేసిన డ్రమ్మును మల్లా పిలుచుకొస్తిరే!" అన్నాడు. కొత్త పరీక్షకు ముందు, ఎక్కడో వెతికి తెచ్చుకున్న ఇంకో రాయిని తనే నా చేతిలో పెట్టాడు. గంటసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. జీపు కదల్లేదు.

ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతి ట్రయల్ ఫారంలోనూ మొదటి గడి ఒకటే: 'చక్రాల కింద ఏమీ లేదని వంగి చూశారా?'