పథ్యం బాగానే చేస్తున్నానండీ

పాప పుట్టాక కొన్ని వారాలకు ఒక ఉదయం మంచం దిగి నిలబడితే కాళ్ళ కింద నేల తెలియలేదు. చీపురుపుల్ల గుచ్చుకున్నా నొప్పి లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట, డెబ్బైల మొదట్లో, మామిడికుదురు దగ్గర మా పుట్టింట్లో జరిగిన సంగతి ఇది.

నేను బడిపంతులమ్మను. మూఢాచారాల మీద సభల్లో గొంతు చించుకున్నదాన్ని. అయినా నాకూ చెవుల్లో దూది, తలకి గుడ్డ, కిటికీ మూసిన గది తప్పలేదు. తాతల కాలంలోనే మావాళ్ళు మతం మార్చుకున్నారు. బాలింత పథ్యం మాత్రం మార్చుకోలేదు. మరలో తెల్లగా పట్టించిన పాత బియ్యం, కడిగి కడిగి గంజి వార్చిన అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు వాతమట. ఆకుకూర బిడ్డకి పడదట.

"కాస్త పప్పు వేస్తే ఏమవుతుందమ్మా?" అంటే, "నీ ఉపన్యాసాలు సభలో చెప్పుకో. బిడ్డకేమన్నా అయితే నువ్వు తీరుస్తావేంటే?" అనేది అమ్మ. బిడ్డ పేరెత్తితే నా వాదం చచ్చిపోయేది.

కాళ్ళు వాచాయి. రాజోలులో డాక్టరుగారు చూసి, "బాలింత నీరు. పథ్యం చేస్తున్నావా అమ్మా?" అన్నారు.

"బాగానే చేస్తున్నానండీ."

"మంచిది."

అమ్మ మంచినీళ్ళు తగ్గించింది. అమలాపురంలో ఎక్స్‌రే తీసి, "హార్ట్ కొంచెం ఎన్‌లార్జ్ అయింది" అన్నారు. అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు. ఇంటికొచ్చాక నెయ్యి కూడా ఆగిపోయింది. వైద్యానికి వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఆ గది ఇంకాస్త ఇరుకయ్యేది.

తరవాత ఒకనాడు పాప నోరు తెరిచి, ముఖం కందేలా ఏడ్చింది. శబ్దం రాలేదు. డొక్కలు ఎగరేస్తోంది. ఎత్తుకోవాలని లేచి, మోకాళ్ళు నిలవక అక్కడే కూలబడ్డాను.

పంటు మీద గోదావరి దాటి కాకినాడ పెద్దాసుపత్రికి చేరాం. తిండికీ జబ్బులకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ ఆ వార్డుకి వచ్చేవారు. చిన్న సుత్తితో నా మోకాలి మీద తట్టి, "రిఫ్లెక్స్ లేదు. ఏం తింటున్నావమ్మా?" అన్నారు.

"పథ్యం బాగానే..."

"ఆ మాట వద్దు. కంచంలో ఏముందో చెప్పు."

చెప్పాను. ఆమె అమ్మ వైపు తిరిగారు.

"తవుడూ, గంజీ ఏం చేశారండీ?"

"గేదెకి పెట్టేమండీ."

"గేదె ఎలా ఉంది?"

"లక్షణంగా ఉందండీ, ఆయ్."

"ఉంటుంది. మీ అమ్మాయికి కావలసింది అది తింటోంది కదా! ఇది బెరిబెరి. థయమిన్ డెఫిషియన్సీ, అంటే బి1 విటమిన్ లోపం. ఈమె పాలలోనూ అది లేదు. ముందు బిడ్డకి ఇంజెక్షన్ ఇవ్వాలి."

సాయంత్రానికి పాప ఊపిరి నెమ్మదించింది. గొంతు చాలా రోజులకు గానీ రాలేదు. కీచుమన్న మొదటి ఏడుపు విని వార్డంతా నవ్వింది. అమ్మ ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను గోడ పట్టుకుని మళ్ళీ నడక నేర్చుకున్నాను. ఇప్పటికీ అరికాళ్ళు మొద్దుబారుతుంటాయి.

మూఢత్వం పురిటిగదిలోనే ఉంటుందనుకునేదాన్ని. ఒక మాటకి అర్థం అందరికీ తెలుసులే అని ఊరుకోవడం కూడా మూఢత్వమే. అది చదువుకున్నవాళ్ళ దగ్గరా ఉంటుంది, నా దగ్గరా ఉంది. అందుకే చెబుతున్నాను: డాక్టరు అడిగితే పథ్యం చేస్తున్నానని చెప్పి ఊరుకోకండి. నిన్న మీ కంచంలో ఏం పడిందో, ఏం పడలేదో చెప్పండి.

పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. దాని గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. తగ్గించమని మా ఇంట్లో ఎవరూ అనరు.