చేదైతేనే మందు

కురవిలో ఉండే మా పెద్దమ్మకు తనకెవరో విషం పెడుతున్నారన్న అనుమానం పాతికేళ్లది, క్యాన్సర్ ఆర్నెల్లది. నొప్పని మొత్తుకుంటే దవాఖానలో "పిచ్చిది, గట్లనే అంటది" అని పంపేశారు.

చివరికి ఓ నర్సమ్మ ఇంటికొచ్చి నొప్పి తగ్గే మందు చెంచాలో పోసిచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే మూతి బిగించి, నాతో "ముందుగాల నువ్వు తాగు" అంది. చెంచా అంచు నాకి ముఖం చిట్లించాను.

"చేదుగున్నదా? అయితే మందే. విషం పెట్టెటోళ్లు తియ్యగ జేసి ఇస్తరు" అని గుటుక్కున మింగేసింది. ఆ పూట మూలగకుండా నిద్రపోయింది. అప్పట్నుంచి రోజూ మందు పోసే ముందు ఖాళీ చెంచా నాకి, చేదన్నట్టు ముఖం చిట్లించడమే నా డ్యూటీ.

ఆఖరి రోజు, ఏడుస్తూ కూర్చున్న నా ముందు చాయ్ చల్లారిపోతోంది. పెద్దమ్మ గ్లాసందుకుని ఓ గుటక వేసి, కాసేపు ఆగి చూసుకుంది.

"తియ్యగనే ఉన్నది గని, నాకేం గాలే. తాగు బిడ్డా."