జగిత్యాల డ్యూకుగారి పెళ్లిచూపులు

2023 చలికాలం. ఖతర్ రాజధాని దోహాలో, అబూ హమూర్ పేటలో నాకు ఒక చిన్న ఫొటో స్టూడియో ఉంది. నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. కాంతి గురించి యూనివర్సిటీ నేర్పినదంతా పాస్‌పోర్ట్ ఫొటోల్లో రెండు చెవులూ సమానంగా కనబడేలా చెయ్యడానికి ఉపయోగపడుతోంది. ఆ చలికాలం మాత్రం ఒక డ్యూకును తయారు చేయవలసి వచ్చింది.

వసుంధరగారిది కాకినాడ. ఇక్కడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. సాయంత్రాలు ఇంగ్లీషులో రీజెన్సీ రొమాన్స్ నవలలు రాస్తారు. రీజెన్సీ అంటే ఏమిటని అడిగాను. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు రాజుకి మతి చలిస్తే, కొడుకు ఆయన పేరు మీద పాలించిన కాలమట. ఆ రోజుల్లో తల్లులు ఆడపిల్లల్ని లండన్ తీసుకొచ్చి, డాన్సుల్లో ఆస్తిపరుల ముందు తిప్పేవారట. అంటే పెళ్లిచూపులే, కాకపోతే ఉప్మా బదులు డాన్సు.

కొత్త నవల అట్టకి ఆవిడకి ఒక డ్యూకు కావాలి. జమీందారులకి జమీందారన్నమాట. భుజాలుండాలి, దవడ ఉండాలి, నవ్వకూడదు.

ఆ వారమే గంగాధర్ స్టూడియోకి వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె. పెద్ద భవనాలకి స్కాఫోల్డింగ్, అంటే ఇనప పరంజా కడతాడు, బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉంటాడు. గల్ఫ్‌లో ఏం పని చేస్తాడో ఎవరు చూశారంటూ రెండు సంబంధాలు అతన్ని కాదనుకున్నాయి. మూడోది మెట్‌పల్లి వైపు అమ్మాయి, లావణ్య. పిల్ల మేనమామ నర్సయ్య ఫొటో పంపమన్నాడు. ఈ ఒక్కటి కుదిరితే చాలని గంగాధర్ ఆశ. భుజాల సంగతి నేను అప్పటికే చూశాను. శుక్రవారం ఒక గుర్రంతో డ్యూకుగా నిలబడితే నీ ఫొటోలు కూడా బాగా తీసిపెడతానన్నాను.

"గుర్రం ఎక్కుడు నాకు రాదన్నా," అన్నాడు.

"ఎక్కొద్దు. పక్కన నిలబడి బాధపడితే చాలు."

శుక్రవారం ఊరి బయట ఒక గుర్రాల శాలకి వెళ్లాం. ఇంగ్లండు పచ్చిక అనుకోడానికి అక్కడ పది అడుగుల మేర గడ్డి ఉంది. దాని వెనక నీళ్ల ట్యాంకరు ఉంది. మా వృత్తిలో దీనికి విరుగుడు అపర్చర్. లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నాన్ని బాగా పెద్దది చేస్తే మనిషి తేటగా ఉండి వెనకున్నదంతా కరిగిపోతుంది. ట్యాంకరు కరిగి కోటలా తయారైంది. గాలిలోని దుమ్ము పొగమంచు పాత్ర పోషించింది.

వసుంధరగారు కుట్టించిన నీలం కోటు వేయించాం. ముందు కురచ, వెనక తోకలు, రెండు వరుసల బంగారు రంగు గుండీలు, కింద తెల్ల ప్యాంటు, మెడకి తెల్ల గుడ్డ. చేతులు ఎంత బిగుతంటే మోచెయ్యి వంగలేదు.

"నీకు పదివేల ఎకరాలున్నాయి బాబూ. కానీ మనసు విరిగింది," అన్నారావిడ.

"పదివేల ఎకరాలుంటే మనసెందుకు ఇరుగుతది మేడం?"

అర్థంకాక అతను పెట్టిన మొహమే మాకు కావలసిన బాధ.

మధ్యలో మేం టీ తాగుతుంటే, గంగాధర్ నా కెమెరా తెరని తన ఫోన్‌తో ఫొటో తీసి నర్సయ్యకి పంపేశాడు. టీ అయ్యేలోపు ఫోన్ మోగింది. చెయ్యి చెవిదాకా రాదు కాబట్టి స్పీకర్ పెట్టి నేనే పట్టుకున్నాను.

"ఏం పిలగా, కంపెనీల పని అంటివి. దుబాయ్ల బ్యాండు కొడుతున్నవా?"

నేను మరోసారి కోటు చూశాను. ఆయన తప్పేమీ లేదు.

"దుబాయ్ కాదు మామా, ఖతర్. బ్యాండు కాదు. ఇది డ్యూకు డ్రెస్సు."

"మరి గుర్రమెందుకున్నది? బరాత్ ఎవలది? బ్యాండు కొట్టుడు తప్పని నేనంటలేను. అబద్ధం చెప్పుడు తప్పు."

గంగాధర్ మొహంలో ఈసారి నిజమైన బాధ కనబడింది. కెమెరా ఎత్తడానికి నాకు మనసు రాలేదు. వసుంధరగారు రంగంలోకి దిగారు.

"అన్నయ్యగారూ, డ్యూకంటే పెద్ద జమీందారండీ. ఇది వేషం."

"ఆయనేం పని చేస్తడు మేడం?"

"ఏ పనీ చెయ్యడండీ. అదే ఆయన హోదా."

"పని చెయ్యనోళ్లు మా ఊర్లనే శానమంది ఉన్నరు మేడం. వాళ్లకే ఇయ్యాల్నంటే ఇంత దూరం ఎందుకు సూస్తం?"

సంబంధం పోయిందనుకున్నాం. అప్పుడు వెనకనుంచి ఒక ఆడగొంతు, "మామా, ఫోనిటియ్యి," అంది. వీడియో వచ్చింది. లావణ్య.

"గుర్రం మీదేనా?"

"కాదు. కిరాయిది."

"కోటు?"

"మేడంది."

"మెడకు సుట్టిన గుడ్డ?"

"గదిగూడ మేడందే."

"మరి అండ్ల మీది ఏమున్నది?"

గంగాధర్ తలవంచి కాళ్లవైపు చూసుకున్నాడు. "బూట్లు. సేఫ్టీ షూస్. కంపెనీ ఇచ్చింది. ఫొటోల పడలే."

పడకపోవడం నా ప్రతిభ. వసుంధరగారు తెచ్చిన డ్యూకు బూట్లు అతని కాళ్లకి పట్టలేదు. అందుకే త్రీ క్వార్టర్ ఫ్రేమ్, అంటే మోకాళ్లదాకా మాత్రమే కనబడేలా తీశాను.

"సూపియ్యుండ్రి," అందామె.

ఫోన్ కిందికి దించాను. పచ్చగడ్డి మీద, తెల్ల ప్యాంటు కింద, సిమెంటు గట్టిపడిన నల్ల బూట్లు. ఎడమదానికి లేసు బదులు బైండింగ్ వైరు, అంటే ఇనప ఊచల్ని కట్టే తీగ. ముందు ఆమె నవ్వింది. తర్వాత, మోచేతులు వంగకుండా నిటారుగా నిలబడే, గంగాధర్ నవ్వాడు.

"మామా," అంది లావణ్య వెనక్కి తిరిగి, "బ్యాండోళ్లు గిసువంటి బూట్లు తొడగరు. లీవు ఎప్పుడు దొరుకుతదో అడుగు."

నవల అట్ట మీదకి వసుంధరగారు వెనకనుంచి తీసిన బొమ్మ ఎంచుకున్నారు. వీపు చాలా విషాదంగా వచ్చిందని మెచ్చుకున్నారు. వేసవిలో గంగాధర్ పెళ్లయింది.

ఇన్నేళ్ల వృత్తిలో, ఫ్రేములో ఏం పెట్టాలో కన్నా ఏం కోసెయ్యాలో తెలియడమే నా పనితనమనుకున్నాను. ఇప్పుడు పెళ్లి సంబంధానికని ఎవరొచ్చినా కాళ్లదాకా తీస్తాను. చెప్పులు బాగాలేవు సార్ అంటారు. ఫరవాలేదు, ఉండనివ్వండంటాను.