కందికట్టె మంట మీద రబ్బరు డ్రమ్స్

బ్యాటరీతో మోగే డ్రమ్స్‌ను కందికట్టె మంట మీద కాల్చిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే ఒక విడత నవ్వేసుకోండి, ముందు ముందు ఇంకా ఘోరం ఉంది. డిగ్రీ పాసైనదాన్ని, చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో రోజంతా మిషన్ల ముందు నిలబడి ఉద్యోగం చేసేదాన్ని, క్రిస్మస్ పొద్దున, చర్చి నిండా జనం ఉండగా ఆ పని చేశాను. పైగా ఇద్దరు పెద్దమనుషుల సలహా తీసుకుని మరీ చేశాను.

మా ఊరు మర్రిగూడ పక్కన. మా నాయిన యాదయ్య డప్పు కొడతాడు. ఆయన చెయ్యి పడిందంటే పక్క ఊళ్లో మంచం మీద ఉన్న ముసలాయన కూడా లేచి కూర్చుంటాడని అంటారు. నాకు చిన్నప్పటి నుంచి కొట్టాలని ఉండేది. కానీ మా వాడలో డప్పు కొడుకుల చేతికి పోతుంది, బిడ్డల చేతికి పోదు. నాయినకు కొడుకులు లేరు. అందుకని డప్పు గోడకు వేలాడేది, నేను కింద నిలబడి చూసేదాన్ని.

ఇలా ఉండగా మా చర్చిలో యూత్ వాళ్లంతా కలిసి డ్రమ్స్ కొనాలని నిర్ణయించారు. మా దగ్గర ప్రార్థన చర్చిలోనే కాదు, వారం వారం ఒకరి ఇంట్లో కూడా జరుగుతుంది. కాబట్టి చంకలో పెట్టుకుని పోగలిగే డ్రమ్స్ కావాలి. నేను లేచి నిలబడ్డాను.

మా పాస్టరు అయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఇరవై నాలుగు గంటలూ బైబిలు భాషలోనే మాట్లాడేవారు. చాయ్ ఇస్తే "చక్కెర అధికమాయెను" అనేవారు.

"అయ్యగారూ, కొత్త డ్రమ్స్ నేను కొడత," అన్నాను.

"నీవు వాయించుట ఎరుగుదువా?"

"నేర్చుకుంట. క్రిస్మస్‌కు ఇంకా టైమున్నది గద."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మంచిది. క్రిస్మస్ దినమున నీవు వాయించిన యెడల వాయించువారి కుర్చీ నీదే. లేనియెడల చౌటుప్పల్ బ్యాండులోని చిన్నవానిని పిలిపించెదను. అటుపిమ్మట ప్రతి ఆదివారము అతడే వాయించును."

అంటే తేలితే కుర్చీ, మునిగితే మళ్లీ ఆడవాళ్ల వరుసలో చప్పట్లు. అంత గట్టిగా దేన్నీ నేను కోరుకోలేదు, నిజంగా చెప్తున్నాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు.

నాయినను వెంటబెట్టుకుని కోఠిలో ఒక దుకాణానికి పోయాను. దుకాణమాయన మంచివాడు. మూడు రకాలు ముందర పెట్టాడు. ఒకటి ఇనుప కాళ్ల మీద నిలబడేది. రెండోది బల్ల మీద పెట్టుకునే పెట్టె లాంటిది. మూడోది రబ్బరు చాప. దాని మీద గుండ్రాలు గీసి ఉన్నాయి, పక్కనే బటన్లు, చిన్న స్పీకర్. పని అయిపోయాక చుట్టచుట్టి సంచిలో వేసుకోవచ్చు.

"చూడమ్మా," అన్నాడాయన. "కొత్తగ నేర్చుకునేటోళ్లయితే ముందుగాల కొట్టి చూడాలె. మెల్లగ కొడితే మెల్లగ, గట్టిగ కొడితే గట్టిగ పలుకుతుందా అని. కాలితోని తొక్కే పెడల్ ఉన్నదా అని. హెడ్‌ఫోన్ పెట్టుకోను ఉన్నదా అని."

నేను తలాడించాను. తలాడించి, మొదటిదాన్ని ఎత్తి చంకలో పెట్టుకుని దుకాణం గడప దాకా నడిచాను. ఆయన గాభరాగా నా వెనక వచ్చాడు. నేను వెనక్కి తిరిగి వచ్చి దాన్ని దించి, రెండోది ఎత్తుకుని మళ్లీ గడప దాకా నడిచాను. ఆయన మళ్లీ వచ్చాడు.

"అమ్మా, డ్రమ్స్ అందరు కొట్టి చూస్తరు. నువ్వు మోసి చూస్తున్నవేంది?"

"బస్సుల మోసేది నేనే గదన్నా."

ఇటు నాయిన రబ్బరు చాప మీద వేలితో మీటుతున్నాడు. వాసన కూడా చూశాడు.

"ఇదేం తోలు?"

"తోలు కాదు పెద్దాయనా, రబ్బరు."

"తోలు లేకుంట ఎట్ల మోగుతది?"

"లోపల మిషన్ ఉంటది."

నాయిన నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "తేలికగున్నది. నీకు మంచిగుంటది బిడ్డా."

ఇద్దరం కలిసి అంత శాస్త్రీయంగా పరీక్షించి, అన్నింటికంటే తేలికైన చాపను ఎంచుకున్నాం. ఒక్కసారి కూడా కొట్టి చూడలేదు. దుకాణమాయన డబ్బా కట్టిస్తూ మా ముఖాలు ఒకటికి రెండుసార్లు చూశాడు.

అయినా నా అదృష్టం బాగుంది. ఆ చాప బాగానే మోగింది. కంపెనీ బస్సు దిగి ఇంటికి రాగానే దాన్ని పరిచి కూర్చునేదాన్ని. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అప్పుడు నాయిన గోడకు ఆనుకుని కూర్చుని నోటితో దరువు పలికేవాడు, నేను చాప మీద కొట్టేదాన్ని. గోడ మీది డప్పును మాత్రం నా కోసం ఆయనా దించలేదు, నేనూ అడగలేదు. పెళ్లి దరువు, ఊరేగింపు దరువు, అన్నీ రబ్బరు మీదే నేర్చుకున్నాను. మా అమ్మ జొన్నరొట్టెలు కొడుతూ ఆ దరువులోకే వచ్చేసేది.

క్రిస్మస్ వచ్చింది. ఆ పొద్దున చలి వణికించింది. మంచుకు ఎదురింటి గడప కూడా కనబడలేదు. చర్చి లోపల నా కుర్చీ వేశారు, దాని ముందు చిన్న స్టూలు, స్టూలు మీద చాప, స్పీకర్ ముందు మైకు. పాటలు పాడే ప్రవీణ పక్కన నిలబడింది. నేను స్విచ్ వేసి, పుల్లలు తీసి, ఒక్క దెబ్బ వేశాను.

దోమ దగ్గినట్టు వినిపించింది.

మళ్లీ కొట్టాను. మళ్లీ దోమే.

"ఏమైందక్కా?" అంది ప్రవీణ. "నిన్న మోత మోగింది గద."

"రాత్రి మంచు పడ్డది. తోలు వదులైనట్టుంది."

"దానికి తోలెక్కడున్నది?"

దేవుడు ఆ పూట ప్రవీణ నోటితో నన్ను హెచ్చరించాడు. నేను వినిపించుకోలేదు. ఎందుకంటే పుట్టిన దగ్గర నుంచి నేను చూసింది ఒక్కటే. చలికీ చెమ్మకూ డప్పు తోలు వదులైపోతుంది, మొద్దుగా పలుకుతుంది. అప్పుడు దాన్ని మంట దగ్గర కాపుతారు. తోలు బిగుసుకుని కణకణలాడుతుంది. వాయిద్యం పలకకపోతే మంటకు పెట్టాలి, మా ఇంట్లో ఇది మాటలకంటే ముందు నేర్చుకునే విద్య.

చర్చి మెట్ల పక్కన అదే జరుగుతోంది. క్రిస్మస్ పొద్దున మా వాడ నుంచి డప్పులతో ఊరేగింపుగా వస్తారు. డప్పులు మెట్ల దగ్గర ఆగిపోతాయి. చావుకూ జాతరకూ కొట్టే వాయిద్యం లోపలికి ఎందుకని మా వాళ్లే ఆగేవారు. అక్కడ కందికట్టె మంట వేసుకుని నాయినా, ఆయన జతగాడు నర్సింహ మామా డప్పులు కాపుతున్నారు. నేను చాప పట్టుకుని ఉరికాను.

"నాయినా, జర జాగ ఇయ్యి. సౌండ్ వస్తలేదు."

నాయిన చాప అంచు మీద వేలితో మీటి చూశాడు. "మెత్తబడ్డది బిడ్డా."

రబ్బరు ఎప్పుడూ మెత్తగానే ఉంటుందని మా ముగ్గురిలో ఒక్కరికి కూడా తోచలేదు.

"ఎంతసేపు పెట్టాలె?" అన్నాను.

"మేక తోలైతే జరసేపు చాలు," అన్నాడు నర్సింహ మామ. "ఇది మందంగున్నది. ఇంకింత ఎక్కువ పట్టాలె."

"ఒక్కదిక్కే పెట్టకు," అన్నాడు నాయిన. "తిప్పుకుంట కాపు."

తిప్పుకుంటూ కాపాను. మధ్యలో తీసి మీటాను. ఏమీ రాలేదు.

"ఇంకింత కిందికి పెట్టు."

పెట్టాను.

"ఎవని చెప్పు కాలుతాంది?" అన్నాడు నర్సింహ మామ.

ముగ్గురం ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నాం. మామ ఒక కాలు ఎత్తి, తర్వాత రెండోది ఎత్తి చూసుకున్నాడు. చెప్పులన్నీ క్షేమంగా ఉన్నాయి. ఈలోగా చాప అంచు అప్పడంలా పైకి లేచి ముడుచుకుంది, గుండ్రాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. బటన్ల దగ్గర నుంచి నల్లటి పొగ లేచింది. నేను దాన్ని కింద పడేశాను.

"నీళ్లు, నీళ్లు," అన్నాను.

నాయిన పక్కనున్న నీళ్ల క్యాను ఎత్తాడు. మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లంతా ఒక్కసారే ఆపారు.

"అది తాగే నీళ్ల క్యాను. గా నీళ్లు పోస్తవా?"

"బోరు నీళ్లు పొయ్యరాదుర్రి."

"బోరుకు కరెంటు లేకపాయె, ఎట్ల పోస్తది?"

"గాబుల ఉంటయి చూడు."

దీన్ని మీరు పిసినారితనం అనుకోకండి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మనుషులు ఇంటింటా ఉన్న ఊరు మాది. తాగే నీళ్లను నేల మీద పొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. నాయిన కూడా క్యానును జాగ్రత్తగా దించి, మూత బిగించి, వాడుక నీళ్ల గాబు దగ్గరికి పోయి బకెట్ తెచ్చి పోశాడు. అప్పటికి డ్రమ్స్ మిరపకాయ బజ్జీ అంత అయింది.

పొగ చర్చిలోకి పోయింది. లోపల అందరూ దగ్గుతున్నారు. అయ్యగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు.

"ఇది ఏమి ధూపము?"

"డ్రమ్స్ అయ్యగారూ," అన్నాను.

"వాయించుటకు తెచ్చినదానిని దహించితివా?"

"దహించలే అయ్యగారూ," అన్నాడు నాయిన. "జర వేడి చేసినం."

అయ్యగారు కాసేపు ఆ బజ్జీనీ, కాసేపు నన్నూ చూసి, జేబులోంచి ఫోను తీశారు. చౌటుప్పల్ పిల్లవాడికి చేస్తున్నారని నాకు తెలుసు. అక్కడే, అందరి ముందు, ముక్కు చీదుతూ ఏడ్చాను. సిగ్గుతో అనుకునేరు, కాదు. నా కుర్చీ పోతున్నందుకు.

నాయిన నా వైపు చూశాడు. తర్వాత తన చేతిలో ఉన్న డప్పు వైపు చూశాడు. దాని మీద ఒకసారి వేలితో మీటాడు. కణ్ మంది. భుజం మీది తాడు తీసి నా భుజానికి వేశాడు.

"మంచి వేడి మీదున్నది బిడ్డా. సల్లారక ముందే పో."

పుల్లలు రెండూ నా చేతిలో పెట్టి, వేళ్లు సరిగ్గా పట్టుకున్నానో లేదో చూసి సర్దాడు. నర్సింహ మామ మాత్రం మెట్ల వైపు చూసి నసిగాడు.

"లోపటికా? ఇదెన్నడన్న మెట్లెక్కిందా యాదయ్యా?"

నాయిన అయ్యగారి వైపు తిరిగాడు. "మీరు వద్దంటె ఆగుతది అయ్యగారూ."

అయ్యగారు ఫోను చెవి దగ్గర నుంచి దించారు. అప్పుడు ఆయన నోటి వెంట నేను ఎన్నడూ వినని భాష వచ్చింది.

"నేనెప్పుడు వద్దన్న యాదయ్యా? మీరే గక్కడ ఆగుతిరి. మా నాయిన గూడ డప్పు కొట్టెటోడే."

మెట్లెక్కాను. మొదటి పాటకు దరువు తడబడింది, రెండో పాటకు కుదురుకుంది. నాయిన నోటితో నేర్పిన దరువులన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి, రబ్బరు మీద ఇన్నాళ్లూ మూగగా పడి ఉన్నవి తోలు మీద ఒక్కసారిగా నిద్ర లేచాయి. ప్రవీణ పాట మరిచిపోయి నా వైపు చూసింది. నాయిన గడప లోపల నిలబడి ఒళ్లంతా కదుపుతున్నాడు, ఆయనను అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. డప్పు నిలబడి కొట్టేది కాబట్టి నేను ప్రాణం పెట్టి కోరుకున్న కుర్చీ ఖాళీగా మిగిలింది. అందులో మా అమ్మ వచ్చి దర్జాగా కూర్చుంది.

ఆరాధన అయ్యాక అందరూ కేక్ తింటూ బజ్జీ చుట్టూ మూగారు. మంచు వల్ల పాడైందని నేనూ, మందం వల్ల వేడి ఎక్కలేదని నర్సింహ మామా ఇంకా వాదించుకుంటున్నాం. అమ్మ కేక్ ముక్క పూర్తిగా నమిలి మింగి, అప్పుడు అంది.

"దానికి ఏం కాలే. పక్కింటి పసిపోరి పండుకున్నదని రాత్రి నేనే సౌండ్ చక్రం తిప్పి తగ్గించిన. చెప్పుడు మర్చిన."

ఆ చక్రం అక్కడ ఉందని నాకు తెలియదా అంటే, తెలుసు. రోజూ కనబడేదే. వేలితో ఇలా తిప్పితే సరిపోయేది.

ఇప్పుడు ప్రతి ఆదివారం డప్పు మెట్లెక్కుతోంది. మా వాడ ఆడపిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి నేర్చుకుంటున్నారు. యూత్ వాళ్లు కొత్త డ్రమ్స్ కూడా కొన్నారు, దాన్ని నన్ను ఎంచుకోనివ్వలేదు, మంట దగ్గరికి పోనివ్వడం లేదు. అయినా పదిమంది ముందు, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మోగని వస్తువును దేన్నైనా సరే, మంటకు పెట్టే ముందు మా అమ్మను అడుగుతాను.