వెంకట్రాజు గారి గాలి భయం

మా వెంకట్రాజు గారికి గాలంటే భయం.

ఆయన్ని చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. ఆరడుగుల పైన రెండంగుళాల మనిషి. మీసం చూస్తే ఎదురొచ్చిన గేదె పక్కకి తప్పుకుంటుంది. ఓసారి తన చేపల చెరువులో దొంగలు వల వేస్తే, గట్టు మీద నుంచి ఒక్క కేక వేశారట. దొంగలు చేపలతో పాటు చెప్పులు కూడా వదిలేసి పారిపోయారు. అలాంటి మనిషి ఇంట్లో ఫ్యాను రెండో నంబరు దాటనివ్వరు. ఎవరైనా మూడులో పెడితే, "కామేశ్వరీ! తుఫాను ఆన్ చేశారెవరో!" అని భార్యని కేకేస్తారు.

గణపవరం మండలంలో కొల్లేటి వైపు చిట్టచివరి ఊరు ఇది. నా సొంతూరు వట్లూరు. ఇక్కడి గ్రామ సచివాలయంలో ఉద్యోగమొచ్చి, రాజుగారి మేడమీద గదిలో అద్దెకి దిగాను. దిగిన వారానికే కింద నుంచి ఆయన ఫోను. మెట్లెక్కి పైకి రారు. మేడమీద గాలి ఎక్కువట.

"ఏవండీ, అల్పపీడనం ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఇంకా అండమాన్ దగ్గరే ఉందండీ."

"పేరు పెట్టారాండీ దానికి?"

"ఇంకా లేదండీ. తుఫానైతే పెడతారు."

"పేరు పెట్టకముందే ఇంత దడగా ఉంటే, పెట్టాక నా గతేం కానండీ!"

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఆయనకి తోడు కావాలి. ఒకరిద్దరు చాలరు. డ్రెయిను కాలువ గట్టు మీద పూరిళ్ళలో ఉండే ఎనిమిది కుటుంబాలూ కావాలి. ముసలివాళ్ళు, పిల్లలు, మేకలతో సహా.

"పక్కింటివాళ్ళని పిలవొచ్చు కదండీ?" అన్నానొకసారి.

"వాళ్ళూ నాలాంటి పిరికివాళ్ళేనండీ. ఇద్దరు పిరికివాళ్ళు ఒకచోట చేరితే భయం రెట్టింపవుతుంది. గట్టు మీదవాళ్ళవి గట్టి గుండెలు."

పోయిన అక్టోబరులో నిజంగానే పెద్ద తుఫాను బయలుదేరింది. గట్టు మీదవాళ్ళని బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి తరలించడం నా డ్యూటీ. జాబితా పట్టుకుని వెళ్ళాను. పెర్సిస్ గారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. అరవయ్యేళ్ళావిడ. గట్టు మీద ఆవిడ కదలకపోతే మరెవరూ కదలరు.

"రామండీ," అన్నారావిడ.

"నీళ్ళొస్తాయండీ. ప్రాణాల మీదకి వస్తుంది."

"ఇదివరకోసారి వచ్చాం కదండీ. ఎవరో నాయకుడు నా చేతిలో పులిహోర పొట్లం పెట్టి ఫొటో తీయించుకున్నాడు. ఆ ఫొటో ఊరందరి ఫోన్లలో తిరిగింది. ఈ వయసులో నేను చెయ్యి చాచినట్టు పడ్డానండీ అందులో. పోతే నీళ్ళలోనే పోతాను గానీ మళ్ళీ రాను."

అంతలో తలకి తువ్వాలు చుట్టుకుని, స్కూటరు తోసుకుంటూ రాజుగారు వచ్చారు. ఎక్కి నడిపితే గాలి తగులుతుందని తోసుకొచ్చారట.

"పెర్సిస్ గారండీ, మీరు రావాలండీ. మీ ప్రార్థన వినపడితే గానీ నా గుండె కుదుటపడదు."

"అంత మీసం పెట్టుకుని ఇదేం భయమండీ రాజుగారూ!"

"మీసానికి భయం లేదండీ. నాకే."

ఆవిడ ఓ నిట్టూర్పు విడిచి బైబిలు అందుకున్నారు. "పదండర్రా. ఈయన్ని చూసుకోవాలి," అన్నారు. గట్టంతా కదిలింది. నేను జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాను.

రాజుగారింటికి వచ్చాక వంట దగ్గర మళ్ళీ పేచీ. "మా అన్నం మేమే వండుకుంటాం," అన్నారు పెర్సిస్ గారు.

"మాకూ మీరే వండాలండీ," అన్నారు కామేశ్వరి గారు. "ఈయనకి భయమేస్తే నా చెయ్యి వదలరు. ఒంటిచేత్తో గంజి ఎలా వార్చను?"

మర్నాడు మధ్యాహ్నానికి గాలి మొదలైంది. రాజుగారు మంచం కింద దూరారు. మనిషి పట్టక కాళ్ళు బయటే ఉన్నాయి. పెర్సిస్ గారు ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, "ఆపకండీ!" అని మంచం కింద నుంచి మూలుగు. పిల్లలు ఆ కాళ్ళని చూసి నవ్వుకుంటూ బయటి హోరు మర్చిపోయారు.

నాలుగింటికి పెర్సిస్ గారు హఠాత్తుగా లేచారు. "మా ఏసుబాబేడీ?"

ఏసుబాబు ఆవిడ కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి. బాతుల్ని వదల్లేక ఎవరికీ చెప్పకుండా గట్టుకి వెళ్ళాడని అతని భార్య ఏడుస్తూ చెప్పింది. ఒక్కసారిగా అందరూ వాకిలి మీద పడ్డారు. పెర్సిస్ గారిని పట్టి ఆపడానికి నలుగురు కావలసివచ్చింది. ఆ గొడవలో మంచం కింద కాళ్ళు ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ చూడలేదు.

ఆవిడని లోపలికి చేర్చేసరికి అరగంట పట్టింది. నేను రెయిన్‌కోటు వేసుకుని పెరటి తలుపు తీశాను. ఎదురుగా మెట్ల కింద పల్లంలో, మొలలోతు నీళ్ళలో వెంకట్రాజు గారు నడిచొస్తున్నారు. కుంటుతున్న ఏసుబాబు చెయ్యి ఒక భుజం మీద, రెండో చంకలో బాతుల గంప. పక్కనే మునగచెట్టు ఫెళ్ళున విరిగి పడింది. ఆయన దాన్ని ఓసారి చూసి, "కాయలు లేతగా ఉన్నాయి. రేపు పులుసు పెట్టించాలి," అన్నారు.

నేను నోరు తెరిచాను. "రాజుగారూ, మీకు భయం..."

"ఉష్! పెర్సిస్ గారు విన్నారంటే ఈ గాలిలోనే వెళ్ళిపోతారు. సాయం చేస్తామంటే రారండీ ఆవిడ. సాయం కావాలంటే కాదనలేరు."

"మరి ఏడాది పొడుగునా ఆ వణుకేమిటండీ?"

"సాధన ఉండాలి కదండీ. తుఫాను రోజు ఒక్కనాడే భయపడితే ఎవరు నమ్ముతారు?"

ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని ఏసుబాబుని ముందు గుమ్మం వైపు పంపి, తను పెరట్లోంచి దూరి మంచం కిందకి చేరుకున్నారు. కొడుకుని రెండు తిట్టి, నాలుగు ముద్దులు పెట్టుకున్నాక పెర్సిస్ గారి చూపు ఆ కాళ్ళ మీద పడింది.

"అంతలా తడిశారేంటండీ రాజుగారూ?"

"చెమటండీ. భయంతో."

తెల్లారేసరికి గాలి తగ్గింది. గట్టు తెగి, ఎనిమిది ఇళ్ళలో ఆరు కొట్టుకుపోయాయి. పెర్సిస్ గారి ఇంటికి గుమ్మం ఒక్కటే మిగిలింది. ఆవిడ చూసొచ్చి మూట కట్టుకున్నారు.

"వెళ్ళొస్తామండీ. తుఫాను పోయింది. ఇంక మీకు మా తోడక్కర్లేదు."

"ఎక్కడికండీ?"

"ఏదో టార్పాలిన్ వేసుకుంటాం."

రాజుగారు గేటుకి అడ్డంగా నిలబడ్డారు. కాసేపు మీసం సర్దుకుని, గొంతు తగ్గించి అన్నారు:

"పెర్సిస్ గారండీ, గాలి పోయింది గానీ ఈ నిశ్శబ్దం చూశారూ... దీనికి ఇంకా ఎక్కువ భయమేస్తోందండీ."

ఆవిడ ఆయన్ని కిందనుంచి పైదాకా తీరిగ్గా చూశారు.

"ఎన్నాళ్ళుంటుందండీ ఈ భయం?"

"మీ ఇళ్ళు లేచేదాకా తగ్గేటట్టు లేదండీ."

పెర్సిస్ గారి పెదవులు వణికాయి. ఏడుస్తారనుకున్నాను. ఫక్కున నవ్వేశారు. మూట అరుగు మీద పడేసి, వెనక్కి తిరిగి కేకేశారు.

"ఒరేయ్ ఏసుబాబూ! బాతుల్ని రాజుగారి పెరట్లోకి తోలరా. ఈయనకి బాగా ముదిరింది!"