చిన్నమ్మ కట్టిన ఎర్రదారం

నా చదువు వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో తెలీదు గానీ, ఒక చామంతి తోట మాత్రం నాశనమైంది. ఆ ఘనకార్యం చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

బాగేపల్లి తాలూకా చాకవేలులో మా చిన్నమ్మకు అర ఎకరా చామంతి ఉండేది. నేనప్పుడు తోటల కాలేజీలో రెండో ఏడు. ఒకే చాలులో ఒక చెట్టు గంపెడు పూస్తుంది, పక్కది పిడికెడు పూస్తుంది, ఆ తేడాను పట్టుకునే మంచి రకం తీయాలని అప్పుడే పాఠం విన్నాను. విని వారం కూడా కాలేదు, ఇక నా అంత పండితుడు ఉంటాడా?

సెలవులకు పోయేసరికి పూకోత అయిపోయింది. కొమ్మలు కొట్టేసిన మోళ్ల దగ్గర పిలకలు లేస్తున్నాయి. కొన్ని మోళ్లకు ఎర్రదారం కట్టి ఉంది. మా కాలేజీలో పనికిరాని చెట్టుకే గుర్తు కట్టి, తర్వాత పీకేస్తాం. చిన్నమ్మ చింతామణి సంతకు పోయిన రోజు చూసి, దారం ఉన్నవన్నీ ఒక్కటి వదలకుండా పీకేశాను. పక్కింటి గొర్రెలను పిలిచి మరీ మేపాను. దానగుణం చూశారా!

సాయంత్రం చిన్నమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"యేందప్పా ఇది? దారం కట్టిన చెట్లు యాడ?"

"చెడ్డవన్నీ పీకేసినా చిన్నమ్మా. నీకు పని తగ్గింది."

"చెడ్డవా? యెవురు చెప్పినారు?"

"మా కాలేజీలో అట్లే కడతాము."

"ఎక్కువ పూసేదానికే నేను దారం కడతా. దాని పిలకలే మళ్లీ నాటేది. పదేండ్లుగా ఇట్లే చేస్తాండాను."

"మిగిలినవి ఉండాయి కదా?"

"పిడికెడు పూసేవి ఉండాయిలే."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు పోతే తోట నిజంగానే పిడికెడు పూసింది. చిన్నమ్మ మళ్లీ మొదటినుంచి దారపుండ పట్టుకుని చాలు చాలూ వెతుకుతోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని గంభీరంగా ప్రమాణం చేశాను.

"నీ మీద ఒట్టు చిన్నమ్మా. ఇంక నిన్ను అడక్కుండా ఈ తోటలో గడ్డిపోచ కూడా పీకను."

ఆమె కొంచెం దారం తెంపి నా మణికట్టుకు కట్టింది.

"ఇదెందుకు చిన్నమ్మా? నేను మంచివాణ్ణనా?"

"కాదప్పా. ఇది మీ కాలేజీ లెక్కన కట్టినా."